వీపు తిప్పే మనిషి

ఉతెనా ఊరి బాస్కెట్‌బాల్ హాల్లో సొంత జట్టువాడు ఫ్రీ త్రో వేయబోతే, బస్సు డ్రైవర్ రిమ్విదాస్ కోర్టుకు వీపు తిప్పేస్తాడు. ఆకుపచ్చ కండువా పళ్ళతో కరిచిపట్టి, బంతి పడిందో లేదో జనం గొంతులోనే వింటాడు. అవతలి జట్టువాడైతే మాత్రం కళ్ళలోకి చూస్తూ ఈల వేస్తాడు. ఈ చలికాలం మన పాత ఆటగాడు మోదెస్తాస్‌ను అలితుస్ ఊరి జట్టుకిచ్చి, బదులుగా ఒక కుర్రాణ్ణి తెచ్చుకున్నారు. అది మంచిదన్నవాడు ఊరంతటిలో ఇతనొక్కడే. "మోకాలు అరిగినవాణ్ణి ఇచ్చి రెక్కలున్నవాణ్ణి తెచ్చుకున్నాం. లాభం మనదే," అంటాడు, వెల్లుల్లి రాసిన నల్లరొట్టె నములుతూ. "నీ బస్సూ అరిగింది బావా, ఇచ్చేద్దామా?" అంటాడు బావమరిది జెనోనాస్.

నిన్న అలితుస్ వచ్చింది. ఓడితే మనం కింది లీగుకు పోవడమే. చివరి క్షణాల్లో ఒక్క పాయింటు ముందున్నాం. ఒక్కో పాయింటు తెచ్చే రెండు ఫ్రీ త్రోలు వేయడానికి గీత దగ్గర నిలబడ్డాడు మోదెస్తాస్, అలితుస్ వాళ్ళ ఎర్ర చొక్కాలో. హాలంతా ఈలల వాన. జెనోనాస్ పక్కకు చూశాడు. రిమ్విదాస్ గోడవైపు తిరిగి ఉన్నాడు, పళ్ళ మధ్య కండువాతో.

"బావా, వాడిప్పుడు మనవాడు కాదు."

ఆ వీపు కదల్లేదు. హాలు మూగబోయింది. ఈలలు మళ్ళీ లేచాయి, హాలు మళ్ళీ మూగబోయింది. రెండూ పడ్డాయి. రిమ్విదాస్ గోడకేసి చూస్తూనే కండువా వదిలాడు.

"మోకాలు బాగానే ఉన్నట్టుంది," అన్నాడు.