ముక్కలు చూసి ఇచ్చిన బహుమతి

మా ఎదురింటి కాక గత సోమవారం చనిపోయాడు. నీలం నగర్‌లో మా గల్లీకంతా చేనేత మగ్గం మిగిలింది ఆయనింట్లోనే. కబురు వినగానే మా అమ్మ, "ఇగ ఆ పిల్ల పేరు మీద బట్ట ఎవలు నేస్తరు?" అంది.

ఆ పిల్ల కాక కూతురు. పుణెలో ఫ్యాషన్ డిజైన్ చదువుతూ డెంగీతో పోయింది. ఆమె పేరు మీద కాక ఏటా ఒక అవార్డు ఇచ్చేవాడు. డిజైన్ నేర్చుకుంటున్న ఆడపిల్లలకు గౌను కుట్టమని తాను నేసిన తెల్లబట్ట తలా అయిదు మీటర్లు పంచేవాడు. గెలిచిన పిల్లను ఏడాదిపాటు పుణెలో చదివించేవాడు. దానికోసమే ఉన్న పవర్‌లూములు అమ్ముకున్నాడు.

కుట్టగా మిగిలిన ముక్కలన్నీ సంచిలో తేవాలని ఆయన షరతు. ముందు సంచి చూసేవాడు, ఆ తర్వాతే గౌను. ముక్కల్ని ఒళ్లో గుమ్మరించుకుని ఒక్కొక్కటీ అరచేత్తో సాపు చేసేవాడు. "కత్తెర పెట్టేటోళ్లకు నిమిషం, నేసేటోనికి దినమంత" అనేవాడు. ముక్కలు ఎక్కువుంటే బహుమతి రాదు. ఇదేం ఫ్యాషనని చాటుగా నవ్వుకునేవాళ్లం.

నేను పోటీకి దిగిన ఏడాది చివరికి ఇద్దరమే మిగిలాం. రెండో అమ్మాయిది వెనక గల్లీ. అసలు విద్య ఆమె చేతిలో ఉంది. ఆమె గౌను చూసి నాకు కడుపు మండింది. నా ముక్కల్లో సగం అమ్మ బీడీల గంపలో తునికాకు కింద దాచేశాను. గెలిచాను.

ఆ చదువుతో నేను సాధించిందేమీ లేదు. ఇప్పుడు కుంఠా నాకా దగ్గర కార్ఖానాలో స్కూలు యూనిఫాంలు కత్తిరిస్తున్నాను. కాక మాత్రం రోజూ పొద్దున అరుగు మీంచి, "కొత్తగ ఏం గీసినవ్ బిడ్డా?" అని అడిగేవాడు. గీస్తున్నానని అబద్ధం చెప్పేదాన్ని. ఆయనకు నిజం చెప్పేంత ధైర్యం నాకు ఏనాడూ రాలేదు.

ఇక అవార్డు లేదు. మగ్గాన్ని పాత సామాను వాళ్లు విప్పుకుపోయారు. ఆ రోజే వెనక గల్లీకి వెళ్లాను. ఆ అమ్మాయి గడపలో కూర్చుని, కొలతకు రేకుముక్క ఆనించి బీడీలకు తునికాకు కత్తిరిస్తోంది. దాచిన ముక్కల సంగతి చెప్పేశాను.

"కాకకు ఆ దినమే తెల్సు," అంది తలెత్తకుండా. "నీ గౌను, నీ ముక్కలు కలిపితె అయిదు మీటర్లు కాదని చేతితోనే పట్టిండు. మా ఇంటికొచ్చి, ఒక్క ఏడు ఆగు బిడ్డా, వచ్చే ఏటిది నీకే, ఆ పిల్లను గల్లీల నగుబాటు చెయ్యొద్దన్నడు. ఆగిన. మల్ల ఏటికి మా నాయిన మంచంల వడ్డడు."

ఇన్నేళ్లూ ఎదురింట్లో ఉండి, అన్నీ తెలిసీ, నన్ను ఒక్క మాట అనలేదు ఆయన. ఏడుస్తూ అక్కడే నిలబడిపోయాను. ఆమె మాత్రం కత్తెర ఆపలేదు. పొద్దుగూకేలోపు వెయ్యి బీడీలు కావాలంది. వెలుతురుకు అడ్డంగా ఉన్నాను, కొంచెం పక్కకు జరగమంది.