నడుమ కూర్చున్నవాడు లేచిన ఆదివారం

మా సంఘంలో నా చోటు ముందు బెంచీ నడుమ. గౌరవం కొద్దీ దక్కిన చోటు కాదది. ఇద్దరు పెద్దమనుషులు ఒకరి చేతి నుంచి ఒకరు ప్రభు భోజనపు ద్రాక్షరసం గిన్నె అందుకోరు గనుక మధ్యలో ఒక మనిషి కావలసి వచ్చింది. ఆ మనిషిని నేను. ఎనిమిదేళ్లు ఆ పని చేశాను. పైగా అది ఇద్దరినీ సమాధానపరిచే పని అనుకుని మురిసిపోయాను. ఆ మురిపెం తలచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే ఒళ్లు మండుతుంది.

ఆ ఇద్దరిలో ఒకాయన తాలూకాఫీసులో గుమస్తాగా చేసి దిగిపోయినవాడు. ఇంకొకాయన బోరుబండ్లు నడిపే కంట్రాక్టరు. సిద్దిపేటలో మా చిన్న మందిరానికి కొత్త స్లాబు వేసినప్పుడు, శిలాఫలకం మీద ఎవరి తండ్రి పేరు పైన ఉండాలన్న దగ్గర పట్టింపు వచ్చింది. ఫలకం చెక్కించారు గానీ అది గోడకు ఎక్కలేదు. వెనక రేకుల షెడ్డులో దుమ్ము కొట్టుకుపోయింది. ఆనాటి నుంచి ఇద్దరికీ మాటల్లేవు. ఎదురుపడితే ఒకాయన ఆకాశం చూస్తాడు, ఇంకొకాయన చెప్పులు చూసుకుంటాడు. అయినా నెలనెలా మొదటి ఆదివారం ఇద్దరూ నేను ఇస్త్రీ చేసిన తెల్లబట్టలు తొడుక్కుని ముందు బెంచీకి చెరో కొసన కూర్చునేవారు. మా పద్ధతిలో రొట్టె, గిన్నె మొదట పెద్దల బెంచీకే రావాలి. ఆ బెంచీ ముగిశాకే జనం వరుసలుగా లేవాలి. గుమస్తా తాగి గిన్నె నాకిచ్చేవాడు, నేను తాగి కంట్రాక్టరుకిచ్చేవాణ్ని.

నేను బడి మొహం చూడలేదు. పాత బస్టాండు పక్కన నాది ఇస్త్రీ బండి. బట్టలు చుట్టి ఇచ్చే పాత పేపర్ల మీద అక్షరాలు కూడబలుక్కుని, ముప్పై ఏళ్లు దాటాక చదవడం నేర్చుకున్నాను. ఎవరూ నేర్పకుండా నేర్చుకున్నవాడి గర్వం చాలా చెడ్డది. గొంతు పెద్దదనీ, తడబడకుండా చదువుతాననీ సంఘం తీర్మానాలు నా చేతికిచ్చేవారు. సినిమా చూసినా, తలలో పూలు పెట్టుకున్నా, పండుగ ప్రసాదం తిన్నా ఆరు నెలలు ప్రభు భోజనపు బల్లకు దూరం. దూరమైనవాళ్లు చెప్పులు విడిచే గడప దగ్గర, విడిగా వేసిన చాప మీద కూర్చోవాలి. గడువు తీరాక ముందుకు వచ్చి, పెద్దలు రాసిచ్చిన మాటల్లోనే తప్పు ఒప్పుకుంటే గానీ రొట్టె లేదు. ఎంతమందిని నా గొంతుతో ఆ చాప మీదికి పంపానో.

శరీర సంబంధులు అని ఆ తీర్మానాల్లో రాసేవారు. పూలు, గాజులు, సినిమా: శరీరమంటే మాకవే. పంతం, పగ, అసూయ కూడా ఆ లెక్కలోవే అని వాక్యంలో ఉంది. దాన్నీ నేను బిగ్గరగా చదివినవాణ్నే. చదువుతూ ఎన్నడూ నా కుడిపక్కకు గానీ ఎడమపక్కకు గానీ తిరిగి చూడలేదు.

ఇలా ఉండగా సకల జనుల సమ్మె వచ్చింది. ఆఫీసులు మూతపడ్డాయి. ఆఫీసుకు పోయేవాళ్లు లేకపోతే ఇస్త్రీ ఎవరికి కావాలి? నా పెట్టెలో బొగ్గు రాజేసే పని తప్పింది. బస్సులు నిలిచిపోతే తొగుట, కొండపాక జనం ట్రాక్టర్లెక్కి వచ్చేవారు. వంటలు రోడ్ల మీదే, పాటలు రోడ్ల మీదే. రిటైరైన ఉద్యోగుల తరఫున మా గుమస్తా రిలే దీక్షలో కూర్చున్నాడు. నేనూ పోయి గొంతు పోయేదాకా జై కొట్టి వచ్చాను. ఆ సందట్లోనే బతుకమ్మ వచ్చింది. ఆ ఏడు ఆడవాళ్లు చౌరస్తాల్లో ఆడారు.

మా సంఘంలో బీడీలు చుట్టే ఆమె ఒకామె ఉండేది. భర్త భివండీలో మరమగ్గాల మీద పని చేసేవాడు. ఆమె తన కార్ఖానా ఆడవాళ్లతో చౌరస్తాకు పోయి, వాళ్లతో పాటు గుండ్రంగా తిరుగుతూ చప్పట్లు కొట్టింది. ఎవరో ఆమె కొప్పులో రెండు బంతిపూలు తురిమారు. దీక్షా శిబిరంలోంచి గుమస్తా చూశాడు.

శనివారం పెద్దలు ఆమెను పిలిపించారు. పాస్టరు మా సంఘానికి వచ్చి ఏడాది కూడా కానివాడు, గోడకానుకుని నిలబడ్డాడు.

"విగ్రహానికి మొక్కినవా లేదా?" అని గుమస్తా అడిగాడు.

"మొక్కలే పెద్దయ్యా. చప్పట్లు కొట్టిన. మన రాష్ట్రం మనకు రావాలని పాట పాడిన్రు, నేను గూడ పాడిన."

"తలల పూలు పెట్టుకున్నవ్ గదా."

"నేను పెట్టుకోలే, వాళ్లు పెట్టిన్రు. తీసి పడేస్తే మనసు నొచ్చుకుంటరని ఉంచుకున్న." మళ్లీ తనే అంది: "మీరు దీక్షల మెడనిండ బంతిపూల దండ ఏస్కొని కూసున్నరు. గవే పూలు మెడల ఉంటె ఏంగాదు, తలల ఉంటె పాపమైతదా?"

కంట్రాక్టరుకు నవ్వాగలేదు. తనతో మాటల్లేని మనిషికి తగిలిన దెబ్బ గదా, తియ్యగా ఉంది. కానీ ఆడమనిషి ఎదురు చెప్పేసరికి ఇద్దరూ ఒక్కటయ్యారు. గుమస్తాతో మాట్లాడరాదు గనుక గోడకు చెప్పినట్టు, "నోరు జూసిన్రా, ఆరు నెల్లు తక్వ గాకుంట ఉండాలె" అన్నాడు.

"విగ్రహారాధన చేసిన్నని ఒప్పుకో, మూడు నెల్లకు తగ్గిస్తం" అన్నాడు గుమస్తా.

"చెయ్యంది చేసిన్నని ప్రభువు ముంగట ఎట్ల జెప్పాలె? అది అబద్ధం గాదా అయ్యా?"

మర్నాడు మొదటి ఆదివారం. తీర్మానం నేనే చదివాను, ఒక్క అక్షరం పొల్లుపోకుండా. ఆమె లేచి వెళ్లి చాప మీద కూర్చుంది. ఆ ఉదయం కూడా గిన్నె నా చేతి మీదుగా ఎప్పటిలాగే దాటింది.

కొన్నాళ్లకు సమ్మె ఆగింది, ఆఫీసులు తెరిచారు. బీడీ కార్ఖానా నుంచి ఆడవాళ్లు నా బండి ముందునుంచే ఇళ్లకు పోతారు. ఒక సాయంత్రం ఆమెతో పాటు పనిచేసే ముసలామె, హిందువే, ఆమెను ఆటపట్టిస్తూ వస్తోంది.

"గుళ్లెకు రానియ్యరనే గదనే మీ అత్తోళ్లు గా మందిరంల కలిసింది. గాడ గూడ నిన్ను గడప కాన్నే కూసోబెట్టిన్రట. గీ భాగ్యానికి గంత దూరం పోవుడెందుకు పిల్లా?"

"ఊకో అత్తా" అని ఆమె నవ్వబోయింది. నవ్వు రాలేదు. ముసలామెను ముందుకు పంపి నా బండి దగ్గర ఆగింది.

"అన్నా, ఒక్క మాట. నెలకోపారి గా రొట్టె తుంట నోట్లె పడితేనే నాకు బతుకు మీద ధైర్నం. మా ఆయన ఈడ లేడు, చెప్పుకుందామంటె ఎవ్వల్లేరు. వచ్చే నెల గూడ ఇయ్యకుంటె ఇగ మందిరానికి రాను. కోపంతోని గాదు. అందరు తింటాంటె సూస్కుంట కూసునుడు నాతోని అయితలేదు."

మా తాతను గుడి గడప దాటనివ్వలేదు. దాటనిచ్చే చోటు వెతుక్కుంటూ ఆయన మందిరానికి వచ్చాడు. ఆయన మనవణ్ని నేను, మందిరంలో మళ్లీ గడప కట్టి, దాని పక్కన నిలబడి బిగ్గరగా చదువుతున్నాను. ఆ వారమంతా బండి దగ్గర కూర్చుని వాక్యం మళ్లీ మొదటి నుంచి చదివాను. తనను అమ్మబోయేవాడు పక్కనే ఉండగా ప్రభువు రొట్టె విరిచాడు. వాడి చేత ఏమీ ఒప్పించుకోలేదు. ఇన్నేళ్లూ ఈ ముక్క నా కంటికి ఆనలేదంటే నేను చదివింది చదువేనా?

పాస్టరు దగ్గరికి పోయి ఆమెకు రొట్టె ఇమ్మన్నాను.

"ఇయ్యాలనే ఉన్నది పెద్దన్నా. కని ముంగట బెంచి అయిపోనిదే నేను కదలనీకి లేదు. గది నీకు ఎర్కే గద."

ఎరుకే. అందుకే మొదటి ఆదివారం బల్ల మీది తెల్లగుడ్డ తీయగానే లేచాను. నడుచుకుంటూ పోయి గడప దగ్గర చాప మీద ఆమె పక్కన కూర్చున్నాను.

ఆమె బెదిరిపోయింది. "అన్నా, నువ్వేం తప్పు జేసినవ్?"

"చదివిన చెల్లె" అన్నాను.

పాస్టరు పెద్దలిద్దరికీ రొట్టె తుంచి ఇచ్చి, గిన్నె గుమస్తా చేతికిచ్చాడు. ఆయన తాగి, అలవాటు కొద్దీ పక్కకు చెయ్యి చాపాడు. పక్కన ఎవరూ లేరు. ఆ కొసన కంట్రాక్టరు పైన ఫ్యాను చూస్తున్నాడు. పాస్టరు ముందుకు వచ్చి గిన్నె అందుకుంటే అయిపోయేది. ఆయన చేతులు రెండూ వెనక్కి కట్టుకున్నాడు. నా ఎరుకలో ఆయన చేసిన ప్రసంగాలన్నిటిలో అదే గొప్పది.

మందిరమంతా ఎదురుచూస్తోంది. గిన్నె పట్టుకున్న చెయ్యి వణికి ద్రాక్షరసం గుమస్తా తెల్ల చొక్కా మీద ఒలికింది. ఆడవాళ్ల వైపునుంచి ఒక అవ్వ అంది: "పెద్దయ్యా, జర అటు జరగరాదుండ్రి. మేమెప్పుడు తాగాలె?"

ఎక్కడో కిసుక్కుమన్నారు. గుమస్తా జరిగాడు. ఒక జానెడు, మరో జానెడు, అలా బెంచీ పొడుగునా జరిగి కంట్రాక్టరు పక్కకు చేరాడు.

"ఇగో, పట్టు" అన్నాడు. ఎనిమిదేళ్ల తర్వాత మొదటి మాట.

కంట్రాక్టరు పట్టుకున్నాడు. ఆయన తాగలేదు. గుమస్తా మొహంలోకి చూసి, "చెయ్యి గట్ల వణుకుతుందేందే? షుగరు గోలీలు ఏస్కుంటలేవా?" అని అడిగాడు.

"పొద్దుగాల మర్శిన."

అంత పెద్ద మనిషి కంట్రాక్టరుకూ కళ్లలో నీళ్లు తిరిగాయి. గిన్నె పట్టుకుని లేచి, జనం మధ్యనుంచి నేరుగా గడప దగ్గరికి వచ్చాడు. రొట్టె పళ్లెంతో పాస్టరు ఆయన వెనకే వచ్చాడు.

"ఆగుండ్రి" అన్నాడు గుమస్తా, బెంచీ దగ్గర నిలబడి. "ఆమె ఇంక ఒప్పుకోలే."

కంట్రాక్టరు వెనక్కి తిరిగాడు. "మనమేం ఒప్పుకున్నమే? ఎనిమిదేండ్ల సంది తాగుతనే ఉన్నం గద."

గుమస్తా చొక్కా మీది మరక చూసుకున్నాడు. ఆఖరికి, "ఇయ్యుండ్రి" అన్నాడు.

ఆమె రెండు చేతులూ చాపి రొట్టె తీసుకుంది. కంట్రాక్టరు ఆ బరువైన ఒంటితో మోకాళ్ల మీద వంగి గిన్నె ఇచ్చాడు. ఆమె తాగి ఆయనకే తిరిగి ఇస్తే, ఆయన అప్పుడు తాగాడు. ఆ తర్వాత వరుసలూ లేవు, ముందూ వెనకా లేదు. ఆడా మగా లేచి చెప్పుల మధ్యకే వచ్చేశారు. పాట ఎవరు ఎత్తుకున్నారో తెలియదు. రోడ్డు మీద పోయేవాళ్లు కూడా ఆగి చూశారు. సమ్మె రోజుల్లో చౌరస్తాలో వేలమంది మధ్య జై కొట్టినవాణ్ని నేను. ఆ ఆదివారం లేచిన గొంతుల ముందు అదెంత! అప్పటికి రాష్ట్రం ఇంకా రాలేదు. కానీ గెలుపు ఎలా ఉంటుందో ఆ పూట నేను కళ్లారా చూశాను.

బయటికి వచ్చాక ఆమె నా ఫోను అడిగి భివండీకి కలిపింది. మరమగ్గాల చప్పుడులో భర్తకు వినబడాలని గట్టిగా మాట్లాడుతోంది.

"రొట్టె ఇచ్చిన్రు... ఆఁ, ఇయ్యాల్నే. లేదు, ఒప్పుకోలే. ఏం రాసియ్యలే, ఏం జెప్పలే. ఊకెనే ఇచ్చిన్రయ్యా. ఊకెనే."