కనకరాజు గారి కొల్లేరు

కనకరాజు గారు కథ మొదలుపెడితే ఆపేవాళ్ళు లేరు. అంత గొప్పగా చెబుతారని కాదు, ఆయన పళ్ళ డాక్టరు. వినేవాడు కుర్చీలో వెల్లకిలా పడుకుని, నోట్లో దూది ఉండలూ నీళ్ళు పీల్చే గొట్టమూ పెట్టుకుని ఉంటాడు. అలాంటివాడు ఎదురు ప్రశ్న వేయలేడు, లేచి పోనూలేడు. మహా అయితే "ఆఁ" అంటాడు. ఆ "ఆఁ"ని ఆయన మెచ్చుకోలు కిందే జమ కట్టేసేవారు.

మెల్‌బోర్న్ శివారు క్రాన్‌బర్న్ నుంచి నాలుగు గంటలు కారులో పోతే వచ్చే సరస్సు ఒడ్డు పల్లె ఆయనది. పళ్ళ డాక్టరు ఒక్కరే. ఇరవై నాలుగేళ్ళుగా ఊళ్ళో ప్రతి పిప్పిపన్నూ కొల్లేటి కథలు వింటూనే పూడింది. అందులోనూ ఏప్రిల్ నెలలో మరీను. మనవాళ్ళు ఆవకాయ జాడీలు కడుక్కునే వేళకి అక్కడ ఆకులు రాలతాయి. తెల్లారేసరికి సరస్సు మీద మంచు కమ్మి ఉంటుంది. పెలికాన్ పక్షులు గుంపులుగా దిగుతాయి. కిటికీలోంచి ఆ పక్షుల్ని చూశారంటే చాలు, కనకరాజు గారికి కొల్లేటి లంకలో గడిపిన చిన్నతనం పూనేది. తొమ్మిదేళ్ళప్పుడు బురదలో చెయ్యి పెట్టి కొరమీనుని పట్టడం, తాటిమాను తొలిచిన దోనె మీద నిలబడి, గెడ వేసుకుంటూ ఈదురుగాలిలో కొల్లేరు దాటడం, దోనెలోకి పాము ఎక్కితే గెడతో ఎత్తి అవతల పారేయడం, అన్నీ వరసగా వచ్చేసేవి.

ఇందులో ఒక్క ముక్క కూడా ఆయన కల్పించలేదు. అన్నీ నిజంగా జరిగినవే. కాకపోతే జరిగింది ఆయన అక్క భ్రమరాంబకి. ఆ దోనెలో కనకరాజు గారు కూడా ఉండేవారు లెండి, కళ్ళు గట్టిగా మూసుకుని, అక్క పరికిణీ అంచు రెండు గుప్పిళ్ళతో పట్టుకుని. నీళ్ళంటే ఆయనకు చచ్చేంత భయం. ఈ ఊరొచ్చాక కూడా సరస్సులో ఆయన కాలు చీలమండ దాటి తడవలేదు.

"అబద్ధం కూడా పిప్పిపన్ను లాంటిదేనండీ. ఏదో ఒకరోజు సలుపుతుంది" అని భార్య లీల ఎప్పుడో చెప్పింది.

ఈ ఏడు సలిపింది. డెబ్భై ఏళ్ళ భ్రమరాంబ గారు, తెచ్చిన ఎండురొయ్యలు విమానాశ్రయంలోనే లాగేసుకున్నారని తిట్టుకుంటూ, మొదటిసారి తమ్ముడింటికి వచ్చారు. అదే వారం సెలవులకని క్రాన్‌బర్న్ నుంచి కూతురి కూతురు సాహిత్య దిగింది. పదేళ్ళ పిల్ల. బడిలో "మా తాత వీరుడు" అని రెండు పేజీల వ్యాసం రాసి, కొరమీను బొమ్మ కూడా వేసిన పిల్ల. ఊరు నవ్వినా కనకరాజు గారు తట్టుకోగలరేమో గానీ, ఆ పిల్ల కళ్ళలో పలచనైపోతే బతకలేరు. పెద్దావిడా చిన్నదీ ఒకే ఇంట్లో ఉంటే ఆయనకి అన్నం ఎలా సహిస్తుంది?

ఒక్కటే ధైర్యం. అక్కకి ఇంగ్లీషు రాదు, ఊరికి తెలుగు రాదు. మధ్యన దుబాసీ తనే.

మర్నాడే, సెలవులకొచ్చేవాళ్ళు బళ్ళు నిలుపుకుని బస చేసే కారవాన్ పార్కు నడిపే బెరిల్ కేకు పట్టుకుని పలకరించడానికి వచ్చింది. ఆమె నోట్లో ఆరు పళ్ళు కనకరాజు గారు కట్టినవే.

"తొమ్మిదేళ్ళకే నువ్వంత చేపని పట్టావట, నిజమేనా అని మీ అక్కని అడుగు రాజ్" అంది.

"మన వైపు ఎండలెక్కువా అని అడుగుతోందక్కా."

"అమ్మో, ఇంతా అంతానా!" అంటూ భ్రమరాంబ గారు రెండు చేతులూ బారజాపారు.

బెరిల్ ఆ చేతుల మధ్య దూరం చూసి, "అంత పెద్దదా!" అని నోరెళ్ళబెట్టింది.

"తాతా, దట్స్ నాట్ వాట్ షి ఆస్క్‌డ్" అంది సాహిత్య.

"నువ్వెళ్ళి టీవీ చూసుకోమ్మా" అన్నారు తాత.

వెళ్తూ వెళ్తూ బెరిల్ అసలు బాంబు వేసింది. శనివారం సరస్సు పండగ. అందులో సొంతంగా చేసుకున్న పడవల పందెం ఉంటుంది. ఊళ్ళో రిటైరైన మగవాళ్ళు కలిసి వడ్రంగం చేసుకునే షెడ్డు ఒకటుంది. వాళ్ళు, పళ్ళు కట్టించుకుంటూ విన్న కొలతలన్నీ గుర్తుపెట్టుకుని, గాలికి పడిన సైప్రస్ మానుని రెండు నెలలు తొలిచి అచ్చమైన కొల్లేటి దోనె తయారుచేశారట. గెడ కూడా సిద్ధమట. నడిపేది ఇంకెవరు, రాజ్!

ఆ మూడు రోజుల్లో కనకరాజు గారికి నడుము పట్టేసింది, మోకాలు వాచింది, చివరికి శనివారం పొద్దున్నే అర్జెంటుగా ఎవరికో పన్ను పీకాల్సి వచ్చింది.

"శనివారం క్లినిక్ మూసేస్తారు కదండీ" అంది లీల, చాలా మామూలుగా.

పందెం రోజు ఊరంతా రేవు దగ్గరే ఉంది. కనకరాజు గారు దోనెలో ఒక కాలు పెట్టారు. దోనె ఒరిగింది. ఆయన మరుక్షణం రేవు స్తంభాన్ని కన్నబిడ్డలా కావలించుకున్నారు. ఎదురుగా సాహిత్య ఫోన్‌తో వీడియో తీస్తోంది.

భ్రమరాంబ గారు చలికోటు విప్పి లీల చేతిలో పెట్టారు. చీర కుచ్చిళ్ళు ఎగదోపారు. లైఫ్ జాకెట్ లేనిదే ఎక్కనివ్వమంటే దాన్నీ పైన తగిలించుకున్నారు. దోనెలో అడుగేసి గెడ అందుకున్నారు. ఈసారి దోనె కిమ్మనలేదు.

"ఎక్కి కూచోరా."

కూర్చున్నారు. కళ్ళు వాటంతటవే మూసుకున్నాయి. చేతులు వాటంతటవే అక్క చీర అంచు వెతుక్కున్నాయి.

పోటీలో పాత స్నానాల తొట్టి ఒకటి బయల్దేరిన చోటే మునిగింది. పీపాలు కట్టిన తెప్పలు రెండు ఉన్నచోటే గింగిరాలు తిరుగుతున్నాయి. దోనె మాత్రం గీత గీసినట్టు పోతోంది.

"పిల్ల నిన్న అంతా చెప్పిందిరా, దానికొచ్చిన తెలుగులో" అన్నారు భ్రమరాంబ గారు గెడ ఆపకుండా. "కొరమీను, పాము, ఈదురుగాలి, అన్నీ నీయేనంటగా?"

"తప్పయిపోయిందక్కా."

"కొరమీనుని ఉంచుకో. పామునీ ఉంచుకో. నేనేం చేసుకుంటా వాటిని? కానీ అంత కథలో నేనెక్కడా లేనేంట్రా?"

కనకరాజు గారు కళ్ళు తెరవకుండానే ఆలోచించారు. "నువ్వుంటే నేను పట్టినట్టు ఎట్టా అవుద్దక్కా?"

ఆవిడ పడీ పడీ నవ్వారు. దోనె ఊగింది. కనకరాజు గారు పెట్టిన కేక ఒడ్డు దాకా వినిపించింది. ఈలోపు ఒక పీపాల తెప్ప దారి దొరికించుకుని దాటిపోయింది. దోనెకి రెండో స్థానం వచ్చింది.

ఒడ్డున బెరిల్ మైకు పట్టుకుని, "అక్కకి ఎంత బాగా నేర్పాడో చూడండి మన రాజ్!" అని అరిచింది. జనం చప్పట్లు కొట్టారు. సాహిత్య కొట్టలేదు. తాత వంక చూస్తూ నిలబడింది.

కనకరాజు గారు మైకు తీసుకుని, ఇరవై నాలుగేళ్ళ కథలన్నిటినీ అసలు సొంతదారైన అక్క పేరు మీదకి మార్చేశారు.

"మాకు తెలుసులే రాజ్" అన్నాడు దోనె తొలిచిన ముసలి వడ్రంగి. "ఇన్నేళ్ళలో నువ్వు మోకాలి లోతు దిగగా చూశామా? కథ బాగుందని ఊరుకున్నాం."

ఊరు పగలబడి నవ్వింది. సాహిత్య మాత్రం తాతని దాటుకుని వెళ్ళి, భ్రమరాంబ మామ్మ తడి చెయ్యి పట్టుకుంది. కనకరాజు గారికి ఏడుపొచ్చినంత పనైంది.

"ఆ పడవ మీద రోజూ ఎక్కడికి వెళ్ళేవారో అడుగు" అంది బెరిల్, నవ్వు తుడుచుకుంటూ. ఆయన ఈసారి అడిగింది అడిగినట్టే తెలుగులో చెప్పారు.

"ఎక్కడికేంటి, బడికి. ఐదేళ్ళు, వీణ్ణి దింపడానికి" అన్నారు భ్రమరాంబ గారు తేలిగ్గా. "బడి గుమ్మం దాకా నేనే తీసుకెళ్ళేదాన్ని. లోపలికి వీడొక్కడే వెళ్ళేవోడు."

ఊరంతా ఎదురుచూస్తోంది. కనకరాజు గారికి ఒక్క ఇంగ్లీషు ముక్క కూడా రాలేదు. సాహిత్య ఆయన చేతిలోంచి మైకు తీసుకుని, ఒక్క మాట పోకుండా ఇంగ్లీషులో చెప్పింది. నవ్వులు ఆగిపోయాయి.

"ఏంట్రా అందరూ అట్టా చూస్తన్నారు? తప్పేమన్నా మాట్టాడానా?" అన్నారు భ్రమరాంబ గారు కంగారుగా.

"లేదక్కా" అన్నారు కనకరాజు గారు. "నేను చెప్పాల్సింది నువ్వు చెప్పావు."