తియాంపో పేరుకు పలికినవాడు

మొగుణ్ణి పేరు పెట్టి పిలవడం నల్లరాయి రేవు ఆడవాళ్ళకు అలవాటు లేదు. వాడు సముద్రంలో పోయాడనుకున్నప్పుడు మాత్రం పిలవక తప్పదు. గిమ్ నియోకు ఆ గతి ఇరవై ఆరో ఏట పట్టింది.

ఆమె వలలు అల్లి అమ్మేది. మొగుడు ఖో తియాంపో చక్కెర మోసే ఓడలో కళాసీ. ఒక ఏడు గాలివానల నెలలో ఓడ తిరిగి రాలేదు, విరిగిన చుక్కాని ఒక్కటే కొట్టుకొచ్చింది. శవం దొరకనివాడు నీళ్ళలోనే ఆకలితో తిరుగుతాడు కదా. అందుకని ఆటు వేళ పొద్దున్నే అతని చొక్కాను వెదురుకు కట్టి, సముద్రం వైపు ఎత్తి, "ఖో తియాంపో, ఇంటికి రా!" అని మూడుసార్లు పిలిచింది. చచ్చినవాళ్ళ తంతులు జరిపే ఆంగ్ గురువు, పిలుపు అందిందో లేదో చూడడానికి నెలవంక చెక్కల జతను నేల మీద వేశాడు. మూడుసార్లూ ఒకటి బోర్లా, ఒకటి వెల్లకిలా పడ్డాయి. వచ్చాడన్నమాట. ఆ చొక్కాను మట్టిబొమ్మకు తొడిగి కొండవాలున పూడ్చారు. ఇంట్లో అతని పేరు చెక్కిన పలక నిలిపి, ఆమె రోజూ దాని ముందు అన్నం పెట్టేది.

ఆరేళ్ళు గడిచాక తియాంపో నడుచుకుంటూ ఇంటికొచ్చాడు.

గాలివాన కాదట, ఓడదొంగలు పట్టుకుపోయారట. లొంగిపోతే క్షమిస్తామని సర్కారు చాటింపు వేయడంతో, దొంగలతో పాటు బందీలూ బయటపడ్డారు. రేవు రేవంతా చూడ్డానికి ఎగబడింది. పక్కింటి సూయ్ అవ్వ నోరు ఊరుకుంటుందా?

"నీ దినం కూడు తిన్నానురా అబ్బీ! బాతు కూర భలే కుదిరిందిలే. ఇప్పుడు కక్కమంటావా ఏంటి?"

అందరూ పగలబడి నవ్వారు. తియాంపో మాత్రం ఆవిడ మాట్లాడేది ఇంకెవరితోనో అన్నట్టు చూశాడు.

గిమ్ నియో సంతోషం పట్టుమని పది రోజులు నిలవలేదు. మూడు గిన్నెల అన్నం తింటున్నా మనిషి చిక్కి శల్యమవుతున్నాడు. అలవాటు కొద్దీ పలక ముందు ఇంకా పెడుతున్న అన్నమేమో పెట్టీ పెట్టగానే చప్పబడిపోతోంది, కోళ్ళకు వేస్తే ముట్టడం లేదు. కుక్కలు అతన్ని చూసి మొరగవు, తోక ఊపవు, ఊరికే పక్కకు జరిగి దారిస్తాయి. పేరు పెట్టి ఎవరు పిలిచినా అతను పలకడు. ఆమెకు భయం పట్టుకుంది. ఒకసారి పోగొట్టుకున్నవాణ్ణి మళ్ళీ పోగొట్టుకునే ఓపిక ఆమెకు లేదు.

"అమ్మాయ్, ఆ రోజు చెక్కలు అబద్ధమాడలేదు," అన్నాడు ఆంగ్ గురువు. "ఎవడో వచ్చాడు. ఒకే పేరు మీద ఇద్దరు తింటున్నారు. ఒళ్ళున్నవాడికే తిండి ఒంటబట్టడం లేదు."

"మరి ఇప్పుడేం చెయ్యను గురువుగారూ?"

"అప్పుడు పిలిచిన చోటే నిలబడి ఇంకొక్కసారి పిలువు. నీ మొగుడు పక్కనుండి 'వచ్చాను' అనాలి. ముందు పలికినవాడిదే పేరు. ఇక మళ్ళీ పిలవడానికి లేదు."

"ఓస్, అంతేనా! ఆ ఒక్క ముక్క అనలేడా?" అంది గిమ్ నియో.

మర్నాడు పొద్దున పొగమంచు ఎంత దట్టంగా ఉందంటే పది అడుగుల అవతల నీళ్ళున్నాయో లేదో తెలియలేదు. గిమ్ నియో గొంతెత్తి పిలిచింది. తియాంపో పెదాలు కదిలాయి. భుజాలు ముడుచుకుపోయాయి. గొంతు మాత్రం పెగల్లేదు.

"పలకవయ్యా! బెల్లం కొట్టిన రాయిలా నిలబడ్డావేం!" అని ఆమె మోచేత్తో పొడిచింది.

"వచ్చాను," అంది ఒక బొంగురు గొంతు, పొగమంచులోంచి, బాగా దగ్గరగా.

గురువు చెక్కలు వేశాడు. ఒకటి బోర్లా, ఒకటి వెల్లకిలా. మూడుసార్లూ అంతే.

తియాంపో బురదలో కూలబడ్డాడు. "ఆ గొంతు నేనెరుగుదునే. దొంగలు మమ్మల్ని ఓడ అడుగున పడేశారు. రోజూ పొద్దున మూత తీసి ఒక పేరు పిలిచేవాళ్ళు. పలికి పైకెళ్ళినవాడు మళ్ళీ దిగేవాడు కాదు. ఓ రోజు నా పేరు పిలిచారు. నా పక్కన ఉప్పు అమ్ముకునేవాడొకడు జ్వరంతో ఒళ్ళు తెలీకుండా పడున్నాడు. పిలిచేది నిన్నేరా, మంచినీళ్ళిస్తారు, పో అన్నాను. ఇదిగో, ఇలాగే 'వచ్చాను' అని పైకెళ్ళాడు. నీళ్ళలో పడ్డ చప్పుడు విన్నాను."

గిమ్ నియోకు అతని చెంప పగలగొట్టాలనిపించింది. ఆ పని చేయబట్టే కదా బతికొచ్చాడని లోపలెక్కడో సంతోషమూ కలిగింది. ఆ సంతోషానికి సిగ్గుతో చచ్చిపోయింది.

"దారుంది," అన్నాడు గురువు. "వాడి అసలు పేరు చెప్పు. ఆ పేరుతో పిలిచి వాడి ఊరికి సాగనంపుదాం. నీ పేరు నీకు వదిలేస్తాడు."

తియాంపో బురద చేతులు చొక్కాకు తుడుచుకున్నాడు. "పదకొండు రోజులు పక్కపక్కన పడుకున్నాం," అన్నాడు. "అడగలేదు."

ఆ చలికాలం అతను గిన్నె ఒళ్ళో పెట్టుకుని ఆకలి, ఆకలి అంటూనే ఉన్నాడు. చలి తగ్గాక ఒకనాడు వల తీసుకుని చిన్న పడవలో వెళ్ళాడు. సాయంత్రానికి పడవ ఒక్కటే ఒడ్డుకు వచ్చింది.

మర్నాడు ఆటు వేళకు గిమ్ నియో అతని చొక్కాను వెదురుకు కట్టుకుని నీళ్ళ దగ్గరకు వెళ్ళింది. పిలవవేమే, పిలవవేమే అని సూయ్ అవ్వ వెనకనుంచి ఏడుస్తూనే ఉంది. పోటు వచ్చి నీళ్ళు మోకాళ్ళు తాకినా గిమ్ నియో నోరు తెరవలేదు. పిలిస్తే వచ్చేదెవరో ఆమెకు తెలుసు.