ఎండగట్టిన పాలు

ఆమెను అందరూ సీట్లమ్మ అనేవారు. బస్సులకీ కార్లకీ సీట్లు కుట్టే షెడ్డులో పని. రెగ్జిన్ మీద సుద్దతో గీత గీసిందంటే కత్తెర ఇక పక్కచూపులు చూడదు. చారెడు స్పాంజి ముక్కనైనా పారేయనిచ్చేది కాదు గానీ, అడిగినవాళ్ళకి లేదనడం మాత్రం ఆమెకు చేతకాదు. అలాంటివాళ్ళకే దెబ్బ ఇంట్లోంచి తగులుతుంది, అదేం ఖర్మో.

ఆమెకీ చెల్లెలికీ కొద్ది వారాల తేడాతో కాన్పులయ్యాయి. ఈమెకు కూతురు, చెల్లెలికి కొడుకు. ఉండేది పక్కపక్క వాటాల్లోనే. చెల్లెలికి పాలు సరిగ్గా పడలేదు. గోడ అవతల పిల్లాడు కేరుమంటే చాలు, ఇవతల సీట్లమ్మకు పాలు చేపి రవిక తడిసిపోయేది. "ఆకలికి నీ బిడ్డా నా బిడ్డా అని ఉంటుందా? ఇలా తేవే," అని వాణ్ణీ ఒళ్ళోకి లాక్కునేది. కొన్నాళ్ళకు పెద్దమ్మ గొంతు వింటే వాడు మెడ తిప్పేవాడు. తల్లి ఎత్తుకుంటే గుక్కపట్టేవాడు. "ఇంతకీ వీడికి తల్లెవరే?" అని వచ్చినవాళ్ళంతా వేళాకోళం చేసేవారు. సీట్లమ్మ పడీపడీ నవ్వేది. చెల్లెలు నవ్వేది కాదు. అది ఈమె గమనించలేదు.

వాళ్ళమ్మ కడుపులో గడ్డతో పోయింది. ఆ సంగతి తెలిసిన డాక్టరమ్మ అక్కచెల్లెళ్ళిద్దరికీ స్కానింగు చేయించి, రక్తం కూడా తీయించింది. గడ్డలుంటే రక్తంలో ఒక ప్రోటీన్ పెరుగుతుందట, అది చూడ్డానికి. సీట్లమ్మ అప్పటికే పనిలోకి వెళ్తోంది కనక ఫలితాలు కనుక్కోవడానికి చెల్లెలే వెళ్ళింది.

వచ్చి మంచం పట్టె మీద కూర్చుంది. "నాది బాగానే ఉందట అక్కా. నీకే... ఆ ప్రోటీన్ ఎక్కువుందట. పాలల్లోకి కూడా వస్తుందట. పిల్లలకి పట్టొద్దన్నారు. కొన్నాళ్ళయ్యాక మళ్ళీ పరీక్షకి రమ్మన్నారు."

 తన సంగతి తర్వాత, ఇన్నాళ్ళూ ఇద్దరు పసివాళ్ళకీ ఏం పట్టానో అని సీట్లమ్మ హడలిపోయింది. ఆ పూటే మానేసింది. రొమ్ములు రాళ్ళలా గట్టిపడి జ్వరం వచ్చింది. కూతురు డబ్బాపాలు కక్కుతూ ఏడుస్తుంటే, స్నానాలగదిలో తన పాలు పిండి తూములో పారబోసింది. వాటిని చూస్తేనే ఆమెకు అసహ్యం వేసింది.

ఒకరోజు కూతుర్ని చెల్లెలి ఒళ్ళో పెట్టింది. "నాకేమన్నా అయితే నీ కొడుకుతో పాటు దీన్నీ పెంచవే. మీ బావకి అన్నం వార్చుకోవడం కూడా రాదు."

చెల్లెలు కళ్ళొత్తుకుంటూ తలూపింది.

పాలు పూర్తిగా ఇంకిపోయాక సీట్లమ్మ రెండో పరీక్షకి తనే వెళ్ళింది. సంగతి వినగానే డాక్టరమ్మ కుర్చీలోంచి ముందుకు వంగింది.

"మానేశావా? ఎవరు మానేయమన్నారు? ఆ ప్రోటీన్ గడ్డలుంటేనే పుట్టేదేం కాదమ్మా. తల్లిపాలల్లో మామూలుగానే ఉంటుంది, రక్తంలో కంటే చాలా ఎక్కువ. కాన్పయ్యాక చాలామందికి రక్తంలోనూ పెరిగి, దానంతటదే తగ్గిపోతుంది. మీ ఇద్దరి స్కానింగులూ బాగున్నాయి, పాలు మానొద్దు అని మీ చెల్లెలికి ఒకటికి రెండుసార్లు చెప్పాను. ఆ మాటకొస్తే నీకంటే తనకే ఎక్కువొచ్చింది."

బతికిపోయానని సంతోషించాల్సిన మనిషి ఆ చివరి ముక్క దగ్గరే ఆగిపోయింది. పరాయివాళ్ళు కొట్టడానికొస్తే చెయ్యి అడ్డం పెట్టుకోవచ్చు. సొంత చెల్లెలు తడిగుడ్డతో గొంతు కోస్తే ఏం అడ్డం పెట్టుకోవాలి?

ఇంటికొచ్చి అడిగితే చెల్లెలు బుకాయించలేదు. "వాడు నన్ను చూసి ఏడ్చేవాడక్కా. నీ దగ్గరైతే ఊరుకునేవాడు. నా కొడుకు నాక్కావాలనిపించింది. నీకు బాలేదంటే కొన్నాళ్ళు ఆపుతావనుకున్నా, ఇలా ఎండగట్టేసుకుంటావనుకోలేదు."

"పిల్లాణ్ణి ఇవ్వనని ఒక్క మాటంటే సరిపోయేది కదే! పాలు పోతే పోయాయి. చచ్చిపోతానేమోనని నా పిల్లని నీ ఒళ్ళో పెడితే, అన్నీ తెలిసి తలూపావు చూడు..." ఆ గొంతుకి పిల్లాడు మెడ తిప్పాడు. ఆమె వాడి వైపు చూడకుండా తన కూతుర్ని ఎత్తుకుని వచ్చేసింది.

మర్నాడు షెడ్డులో, కుట్టడం పూర్తయిన బస్సు సీటొకటి గోడకి చేర్చి, అంచులకు స్పాంజి ముక్కలు కట్టి, అందులో కూతుర్ని పడుకోబెట్టింది. మేస్త్రీ చూసి నవ్వాడు.

"ఏం సీట్లమ్మా, మీ పిల్ల టికెట్ తీసుకుందా? పసిదాన్ని ఈ రెగ్జిన్ కంపులోకి ఎందుకు తెచ్చావమ్మా? ఇంటి దగ్గర చెల్లెలుందన్నావుగా?"

"లేదు," అంది సీట్లమ్మ, సూదిలోకి దారం ఎక్కిస్తూ.