అలివి వలకు అనుమతి

మా ఉద్దానం తీరంలో ఫ్యాక్టరీ వద్దని జనం రోడ్డెక్కినప్పుడు, నలుగురికి మించి గుమిగూడకూడదని ఉత్తర్వు వచ్చింది. కొద్ది రోజుల వరకే అన్నారు. ఫ్యాక్టరీ రాలేదు, గొడవా సద్దుమణిగింది. ఉత్తర్వును మాత్రం పొడిగిస్తూ వచ్చారు. ఆ వార్తలు రాసింది నేనే.

మొన్న ఉదయం ఒడ్డున ముప్పై మంది దాకా కలిసి, సముద్రంలోంచి తాళ్లతో ఒడ్డుకు లాగే పెద్ద అలివి వల లాగుతుంటే కానిస్టేబుల్ వచ్చి ఆపమన్నాడు.

"ఏటి బావా, సేపలు కూడా ధర్నా సేత్తన్నాయా?" అన్నాడు వల యజమాని.

"నలుగురు లాగండి, మిగతావోళ్లు దూరంగా కూకోండి. నా ఉజ్జోగం తియ్యకండి."

"నలుగురం లాగితే వల ఒడ్డుకి రాదు, మేమే నీటిలోకి పోతాం!" అంది యజమాని భార్య.

యజమాని నావైపు తిరిగాడు. "బాబూ, పేపరోళ్లు కదా, ఆ రూలు ఇంకా ఉందా?"

ఆఖరి గడువు ముగిసిందో లేదో నాకే తెలియదు. తహసీల్దారు ఆఫీసుకు ఫోన్ చేస్తే పోలీసులను అడగమన్నారు. స్టేషన్‌లో తహసీల్దారును అడగమన్నారు. ఈలోగా తాళ్లు వదులై చేపలు జారిపోయాయి. చివరికి ఖాళీ వలే ఒడ్డుకు చేరింది.

"రేపు వల ఎయ్యమంటారా, మానెయ్యమంటారా?" అని యజమాని నన్నే అడిగాడు. నేను మళ్లీ తహసీల్దారు ఆఫీసుకు ఫోన్ కలిపాను.