అవుటర్లో ఆగిన మట్టి ఇంజను

మధ్యాహ్నం రెండూ పదికి మూడో వరుసలో ఒక పిల్లాడు నిద్రలోకి జారుకున్నాడు. నా భూగోళం పాఠానికి అది మామూలే. ఆ రోజుల్లో, అంటే అరవైల చివర్లో, ఖరగ్‌పూర్‌లో రైల్వే కుటుంబాల పిల్లలు చదివే ఒక తెలుగు బడిలో నేను టెంపరరీ టీచర్ని. పాఠం బాగానే చెబుతానని అనుకునేదాన్ని (పిల్లలను ఎవరూ అడగలేదు). వాణ్ణి లేపాలన్న పంతంతో, ముందూ వెనకా చూడకుండా, "మనం సినిమా తీద్దాం" అనేశాను. క్లాసంతా లేచి నిలబడింది. ఇక తప్పదు. ఊరి పక్కనే హిజ్లీలో ఉన్న ఇంజనీరింగు కాలేజీలో పనిచేసే మా అన్నయ్య తన ప్రొఫెసరుగారిని బతిమాలి కెమెరా తెచ్చాడు. మీట ఒకసారి నొక్కితే ఒక్క ఫోటోయే పడుతుంది. మట్టిబొమ్మను కాస్త జరిపి ఒకటి, మళ్ళీ జరిపి ఇంకొకటి తీస్తూ పోతే, తెర మీద అది తనంతట తానే నడుస్తుంది. రీలు మాత్రం ఒక్కటే. పెద్ద టీచరుగారు కళ్ళద్దాల మీదుగా చూసి, "వార్షికోత్సవంలో వేద్దాం. బాగుంటే వచ్చే ఏడూ ఉందువుగాని" అన్నారు. బాగోకపోతే ఏమిటో ఆవిడ చెప్పలేదు, నేను అడగలేదు.

రైల్వే పిల్లలు ఇంకేం చేస్తారు? మట్టితో ఇంజను చేశారు. బల్లలు కలిపి అగ్గిపుల్లలతో పట్టాలు పరిచారు. చీపురుపుల్లకు అట్టముక్క గుచ్చి, పైకీ కిందికీ ఆడే అవుటర్ సిగ్నలు నిలబెట్టారు. స్టేషను బయట బండిని ఆపేది అదే, అట్ట కిందికి వాలితేనే బండి కదలాలి. ఇంజను జరిపే పని డ్రైవరుగారి అబ్బాయిది, సిగ్నలు కేబిన్‌మాన్ కొడుకుది. బల్లల ఆ చివర, స్టేషన్ మాస్టరుగా, నిద్రపోయినవాణ్ణే కూర్చోబెట్టాం. కెమెరా దగ్గర ఒక బుద్ధిమంతురాలిని పెట్టి, "నేను ఆపమనేదాకా నొక్కుతూనే ఉండు" అని చెప్పి, పెద్ద టీచరుగారు పిలిస్తే వెళ్ళాను. తిరిగొచ్చేసరికి ఇంజను సిగ్నలు ముందు ఆగి ఉంది. కెమెరా మాత్రం టిక్కు టిక్కుమంటూనే ఉంది.

"ఏమిట్రా, జరపవేం?" అన్నాను డ్రైవరుగారి అబ్బాయితో.

"సిగ్నలు పడనేదు కదండి టీచరమ్మా! బండెలగెల్తాదండి?"

"మరి నువ్వు దించవేం?" అన్నాను కేబిన్‌మాన్ కొడుకుతో.

"టేసను మాస్టరు లైను కిలీరు ఇవ్వనేదండి."

"వాడేడి?"

"నీల్లు తాగడానికెల్లినాడండి."

"ఉన్నది ఒక్క ఇంజనే కదరా! దేన్ని గుద్దుతుంది?"

వాడు నన్ను జాలిగా చూశాడు. "ఒకటైతే ఏటండి? రూలు రూలేనండి. ఉజ్జోగం పోద్ది."

పోయేది నాదని వాడికెలా చెప్పను? కెమెరా పిల్ల తల తిప్పకుండానే, "నన్ను ఆపమన్నేదు కదండి" అంది. సగం రీలు అప్పటికే అయిపోయింది.

వార్షికోత్సవం నాడు దుప్పటి తెర మీద మా ఇంజను కదిలింది. డ్యూటీ దిగి వచ్చిన తండ్రులు ముందుకు వంగారు. ఇంజను సిగ్నలు దాకా వెళ్ళి ఆగింది. ఎంతకీ కదలదు. ఒక ఈగ వచ్చి బాయిలరు మీద వాలి, ఎగిరిపోయింది. తడి మట్టి పొగగొట్టం మెల్లగా పక్కకు వాలడం మొదలుపెట్టింది. నేను నేల చూపులు చూస్తున్నాను. ఇంతలో వెనక నుంచి ఒక డ్రైవరుగారు, "అవుటర్లో పెట్టేసినాడ్రా బాబూ! ఈలెయ్యండ్రా!" అని కేకేశారు. అంతే, హాలంతా ఈలలు. ఒక బెంగాలీ గార్డు లేచి నిలబడి, "ఆరే దాదా, లైన్ క్లియర్ దావ్!" అంటూ, లైను ఇవ్వమని తెరను బతిమాలాడు. "పొగ్గొట్టానికి కూడా నీరసమొచ్చేసినాది" అన్నారింకొకరు. చివరికి అట్టముక్క కిందికి వాలి, ఇంజను కదిలేసరికి కొట్టిన చప్పట్లకు తెర ఊడి కింద పడింది. మిగిలిన సినిమా గోడ మీద నడిచింది.

పెద్ద టీచరుగారు కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ, "బండి ఆపడం నీ ఆలోచనేనా?" అన్నారు.

"కాదండీ, పిల్లలదే."

"అయితే వచ్చే ఏడు కూడా వాళ్ళని నీకే ఇస్తాను."

అన్నయ్య ఆ రాత్రంతా నవ్వుతూనే ఉన్నాడు. అన్నయ్య పోయిన ఈ ఏడాదిలో నాకు ఎక్కువగా గుర్తొచ్చేది ఆ నవ్వే. సినిమా పాడైపోయిందని వార్షికోత్సవం దాకా అన్నం మానేసి తిరిగిన అప్పటి నన్ను తలుచుకుంటే నవ్వూ వస్తుంది, ముద్దూ వస్తుంది. రిటైరయ్యేదాకా అదే బడిలో ఉన్నాను. ఇప్పుడక్కడ తెలుగులో పాఠాలు చెప్పడం లేదు.